మలావీ పల్లెలో అట్టపెట్టెలతో పాపకు కుర్చీ: కొలత నుంచి కూర్చోబెట్టేదాకా

సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడంవల్ల ఒళ్లు బిగుసుకుపోయే స్థితి ఉన్న పాప ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో మొదటి మూడు నాలుగేళ్లు తల్లి వీపు మీదే పెరుగుతుంది. చితెంజె అనే రంగుల గుడ్డతో కట్టుకుని తల్లి పొలానికీ, బోరింగు దగ్గరికీ, సంతకూ వెళ్లొస్తుంది. ఐదో ఏడు వచ్చేసరికి పాప బరువెక్కుతుంది, కాళ్లు కత్తెరలా బిగుసుకుంటాయి, ఇక మోయడం తల్లి వల్ల కాదు. అప్పటినుంచి లోపల చాప మీదే. పడుకునే తింటుంది, పొలమారుతుంది, జావ ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. రోజంతా ఆ పిల్ల చూసేది ఇంటి కప్పునే.

ఆ పాపకు ముందుగా కావలసింది ఒళ్లు కుదురుగా నిలిపే కుర్చీ. దానంగా వచ్చే చక్రాల కుర్చీ చాలాసార్లు ఈ పని చేయదు. సీటు పాప తుంటికి రెండింతలు వెడల్పు ఉంటుంది, పక్కల ఆనుకోవడానికి ఏమీ ఉండదు, పాప ఒక పక్కకు ఒరిగి కిందికి జారుతుంది. పాత అట్టపెట్టెలు, కాగితాలు, పిండి జిగురుతో ఆ ఒక్క పాప కొలతకే కుర్చీ చేసే పద్ధతిని జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ తీర్చిదిద్దారు. దాన్ని ఏపీటీ (అప్రోప్రియేట్ పేపర్-బేస్డ్ టెక్నాలజీ) అంటారు. ఆఫ్రికాలో అనేక చోట్ల సముదాయ పునరావాస కార్యకర్తలు, అంటే వికలాంగులకు సొంత ఊళ్లోనే ఊరివాళ్లతో కలిసి సాయపడేవాళ్లు, దాన్ని అందిపుచ్చుకున్నారు.

కాగితం కుర్చీ అంటే ఎవరికైనా అనుమానమే. మన పల్లెల్లో ఒకప్పుడు పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి, రుబ్బి, బిందె మీద మెత్తి బుట్టలు చేసేవారు. అవి ఎండాక ఎంత గట్టిగా ఉండేవో చూసినవాళ్లకు ఈ అనుమానం రాదు. సరిగా ఎండిన అట్టకుర్చీ మీద పెద్దమనిషి నిలబడినా చెక్కుచెదరదు. సరిగా ఎండనిది మాత్రం మూడు నెలల్లో కుంగిపోతుంది. ఈ పనిలో చెడిపోయే కుర్చీలు చాలావరకు రెండు చోట్ల చెడిపోతాయి: కొలతలో, ఎండబెట్టడంలో. అందుకే కింద ఆ రెండింటి గురించే ఎక్కువ చెప్తాం.

ఇది మలావీ, జాంబియా, టాంజానియాల్లో పనిచేస్తున్న తెలుగు ఫిజియోథెరపిస్టులనూ ఉపాధ్యాయులనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మన దగ్గర నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసేవారికి కూడా కొలతల భాగం ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలోకల్లా చేయండి. మలావీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. మే నుంచి జులై దాకా వాన లేకపోయినా, ములాంజె, త్యోలో వైపు చిపెరోని అనే చలిముసురు పట్టుకుంటుంది; ఆ తేమలో మందపాటి అట్ట ఎన్ని రోజులకూ ఆరదు.

ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఆకలి నెలలు. గాదె ఖాళీ అయి ఉంటుంది, కొత్త మొక్కజొన్న ఇంకా చేతికి రాదు. ఆ రోజుల్లో ఒక ఇంటికి వెళ్లి జిగురు కాయడానికి పిండి అడగడం తప్పు. వాళ్లు మొహమాటానికి ఇచ్చినా ఆ పూట ఎవరో ఒకరు తినకుండా పడుకుంటారు.

ఇంట్లోకి ఎలా వెళ్లాలి

నేరుగా పాప ఇంటికి పోవద్దు. ముందు గ్రామ పెద్దను కలవండి, ఆ ఊరి హెచ్‌ఎస్‌ఏను, అంటే గ్రామ ఆరోగ్య కార్యకర్తను వెంటబెట్టుకోండి. వాకిట్లో నిలబడి ‘ఓడి’ అని పిలవాలి, లోపలినుంచి ‘ఓడిని’ అన్నాకే అడుగుపెట్టాలి. తల్లిని ‘అమాయి’ అనీ, అమ్మమ్మ తాతయ్యలను ‘అగోగో’ అనీ పిలవండి. చాప వేస్తే చాప మీదే కూర్చోండి.

ఇంట్లో నిర్ణయం ఎవరిదో కనుక్కోండి. చాలా ఇళ్లలో అది అగోగోదే. బిడ్డకు ఇలా జరగడం మంత్రప్రయోగమనీ, తల్లి తప్పనీ చుట్టుపక్కల అనుకోవచ్చు. దాన్ని వాదనతో గెలవలేరు. కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోవడం, పుట్టిన వారంలో ముదిరిన కామెర్లు, మెదడుకు పాకిన మలేరియా, మెదడుపొరల వాపు: వీటివల్ల మెదడు కొంత దెబ్బతింటే ఒళ్లు బిగుసుకుంటుందని మెల్లగా, అందరూ వినేలా చెప్పండి. తల్లి చేసిన తప్పేమీ లేదని అగోగో ఎదుట చెప్పడం ముఖ్యం.

కుర్చీ పని ఇంటి ముందు ఖోండేలో, అంటే అరుగు మీద చేయాలి. ప్రాథమిక ఆరోగ్యంపై 1978లో వచ్చిన ఆల్మా అటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సముదాయ పునరావాసం అనే దారి వేసింది. 2010 మార్గదర్శకాల్లో దానికి ఐదు భాగాలు చెప్పింది: ఆరోగ్యం, చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత. కుర్చీని ఎక్కడో వర్క్‌షాపులో చేసి తెచ్చి ఇస్తే అది ఆరోగ్యం దగ్గరే ఆగిపోతుంది. అరుగు మీద చేస్తే పక్కింటి పిల్లలు వచ్చి కాగితాలు చింపుతారు, తండ్రి అట్టలు కోస్తాడు, పాప పేరు ఊళ్లో పదిమందికి తెలుస్తుంది. రేపు కుర్చీ విరిగితే బాగుచేసుకోవడం కూడా వాళ్లకే తెలుస్తుంది.

ఎవరికి ఇప్పుడే చేయకూడదు

కొలతకు ముందు పాపను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు వంచి, తొడలను మెల్లగా పొట్టవైపు తీసుకురండి. తుంటి దగ్గర 90 డిగ్రీలు వంగితే సరే. అక్కడిదాకా వంగకపోతే బలవంతం చేయొద్దు. ఎంతవరకు వంగిందో ఆ కోణానికే కుర్చీ వీపు వెనక్కి వాల్చాలి. తొడలు విడదీస్తుంటే పాప ఏడ్చినా, ఒక తొడ రెండోదానికంటే పొట్టిగా కనిపించినా తుంటి కీలు జారి ఉండొచ్చు. వెన్ను ఒక పక్కకు వంగిపోయి చేత్తో సరిచేసినా రాకపోతే అది ముదిరిన వంపు. ఈ పిల్లలను ముందు జిల్లా ఆసుపత్రికి, అక్కడినుంచి అవసరమైతే బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రికో, లిలాంగ్వేలోని కముజు సెంట్రల్ ఆసుపత్రికో పంపాలి. ఫిట్స్ తరచూ వస్తుంటే ముందు మందులు మొదలవ్వాలి, ఆ తర్వాతే కుర్చీ.

కొలతలు

పాపను గట్టి బల్ల మీద కూర్చోబెట్టండి. మంచం మీదో, తల్లి ఒళ్లోనో కొలిస్తే పిరుదులు కుంగి ప్రతి అంకె తప్పవుతుంది. తల్లి వెనక కూర్చుని పాప నడుము కింది ఎముకలను రెండు అరచేతులతో నిటారుగా పట్టుకోవాలి. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. టేపును ఒంటి చుట్టూ తిప్పొద్దు. వెడల్పు కావాలంటే తుంటికి రెండు పక్కలా రెండు పుస్తకాలు నిలబెట్టి, పాపను పక్కకు తీసి, పుస్తకాల మధ్య ఖాళీ కొలవండి.

కావలసినవి ఆరు కొలతలు. ఐదేళ్ల పాప ఒకరికి ఇలా ఉన్నాయనుకుందాం:

తుంటి వెడల్పు 22 సెం.మీ.
పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా 26
మోకాలి మడత నుంచి మడమ దాకా 24
కూర్చున్న చోటు నుంచి వంచిన మోచేయి దాకా 14
కూర్చున్న చోటు నుంచి భుజం దాకా 34, నడినెత్తి దాకా 54
చంకల కింద ఛాతీ వెడల్పు 19

రెండు కాళ్లూ విడివిడిగా కొలవండి. తొడల్లో సెంటీమీటరుకు మించి తేడా ఉంటే తుంటిని ఆసుపత్రిలో చూపించండి.

ఇప్పుడు ఈ అంకెలను కుర్చీ అంకెలుగా మార్చాలి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి నిదానంగా చూడండి. పలక మందం 3 సెం.మీ. అనుకుందాం.

సీటు లోపలి వెడల్పు: 22కు రెండు పక్కలా సెంటీమీటరు చొప్పున కలిపి 24. పెరుగుతుంది కదా అని 30 పెడితే పాప ఈరోజే ఒక పక్కకు ఒరుగుతుంది. పెరుగుదలకు ఇంకో దారి ఉంది, కింద చెప్తాం.

సీటు లోతు: 26 నుంచి 2 తీసేసి 24. లోతు ఎక్కువైతే సీటు అంచు పిక్కల వెనక గుచ్చుకుంటుంది. ఆ నొప్పి తప్పించుకోవడానికి పాప ముందుకు జారి వెన్ను గూనిగా పెడుతుంది. ‘మా పాప కుర్చీలో నిలవదండీ’ అని తల్లి అంటే ముందు సీటు లోతు కొలవండి.

సీటు ఎత్తు: పాదాలు ఆనే పలక మందం 3, దానిమీద 24, మొత్తం నేలనుంచి 27. దిండు వేయదలిస్తే, మనిషి కూర్చున్నాక అది ఎంత మందం మిగులుతుందో అంత పాదాల పలకకూ, పక్క పలకల ఎత్తుకూ కలపండి. లేకపోతే పాదాలు గాల్లో వేలాడతాయి, కాళ్లు మళ్లీ బిగుసుకుంటాయి.

పక్క పలకల ఎత్తు: ముందు పెట్టే బల్ల పైభాగం మోచేతికంటే సెంటీమీటరు ఎత్తులో ఉండాలి, అంటే నేలనుంచి 27+14+1, మొత్తం 42. బల్ల మందం 2 అయితే పక్కల ఎత్తు 40. ఈ 2 తీయడం మర్చిపోతే బల్ల పాప భుజాలను చెవుల దగ్గరికి ఎత్తేస్తుంది.

వీపు పలక: నేలనుంచి భుజం దాకా 27+34, అంటే 61. మెడ నిలబడని పాపకైతే 27+54, అంటే 81.

కాబట్టి కోయవలసినవి: పక్క పలకలు రెండు, ఒక్కోటి 41×40 (వీపు మందం 3, సీటు 24, పాదాలకు 14, కలిపి 41). వీపు 24×61. సీటు 24×24. సీటు ముందు అంచు కింద నిలబడే పలక 24×24. పాదాల పలక 24×14. ముందు బల్ల 50×40, అందులో పాప పొట్ట దగ్గర 24 వెడల్పు, 10 లోతు అర్ధచంద్రంలా కోత. పాప కొలతలన్నీ వీపు పలక వెనక పెన్సిల్‌తో తేదీ వేసి రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత అవే మీకు ఆధారం.

సామాను

విప్పితే అర చదరపు మీటరు దాకా వచ్చే అట్టపెట్టెలు 15. ట్రేడింగ్ సెంటర్‌లో సబ్బులు, వంటనూనె, బిస్కెట్లు అమ్మే కొట్లవాళ్లను నాలుగు రోజుల ముందు అడిగి ఉంచండి. తడిసి ఆరినవి తీసుకోవద్దు, వాటిలో బిగువు పోయి ఉంటుంది. పాత వార్తాపత్రికలు ఒక కట్ట. సిమెంటు సంచుల కాగితం నాలుగైదు సంచులది. సిమెంటు తగిలే లోపలి పొర పారేసి, మిగతావి దులిపి తడిగుడ్డతో తుడవండి, లేకపోతే పాప చర్మం పొక్కుతుంది. పిండి కిలో. హ్యాక్‌సా బ్లేడు ఒకటి, ఒక కొసకు గుడ్డ చుడితే అదే పిడి. సైకిల్ స్పోకు పుల్ల ఒకటి, పాత సైకిల్ ట్యూబు, టైరు ముక్కలు, అర లీటరు వార్నిష్. డబ్బులు పెట్టవలసింది దాదాపు ఈ వార్నిష్‌కే. మన పొదుపు సంఘాల్లాంటివే అక్కడి పల్లెల్లోనూ ఉన్నాయి, ‘బ్యాంక్ ఎన్‌ఖోండే’ అంటారు, అంటే అరుగు మీది బ్యాంకు. తల్లి అందులో సభ్యురాలైతే వార్నిష్ ఖర్చు ఆ సంఘంలో మాట్లాడుకోవచ్చు.

లై కాయడం

మన దగ్గర సినిమా పోస్టర్లకు మైదాతో కాచే లై ఇదే. ఒక కప్పు పిండిని రెండు కప్పుల చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, అందులో ఇది పోస్తూ, అడుగంటకుండా ఐదు నుంచి పది నిమిషాలు తిప్పండి. తెల్లదనం పోయి గాజుమెరుపు వస్తే ఉడికినట్టు. చల్లారాక గరిటె వెనక పలచగా అంటుకుని నిలవాలి.

గోధుమపిండి అన్నిటికంటే మేలు. దొరకకపోతే ఉఫా వొయేరా అనే తెల్లని మొక్కజొన్న పిండి, గుడ్డలో జల్లించి వాడండి; బరక పిండి అంటదు. ఎన్‌ఖటా బే లాంటి సరస్సు ఒడ్డు జిల్లాల్లో కర్రపెండలం పిండి దొరుకుతుంది, దాని జిగురు గట్టిది.

మన ఊళ్లలో పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం వేసే అలవాటుంది. ఇక్కడ అసలు వేయొద్దు. ఈ పిల్లలు బల్ల అంచును నోట్లో పెట్టుకుంటారు. పురుగు పట్టకుండా కాపాడేది పూర్తిగా ఎండటమూ, వార్నిషూ.

లై ఏ రోజుకారోజు కాచుకోండి. పులిసిన వాసన వస్తే పారేయాలి.

పలకలు తయారుచేయడం

అట్టను గోరుతో గీరి చూస్తే లోపల గాడులు ఒకే దిక్కుగా ఉంటాయి. ఆ దిక్కుకు అట్ట వంగదు, అడ్డంగా ఇట్టే వంగుతుంది. అందుకే ఒక పొర గాడులు నిలువుగా, పై పొరవి అడ్డంగా వచ్చేలా అంటించాలి. అన్నీ ఒకే దిక్కుగా అంటిస్తే పది పొరలైనా కుర్చీ మధ్యకు మడతపడుతుంది.

3 సెం.మీ. మందానికి 8 నుంచి 10 పొరలు పడతాయి. పదింటినీ ఒకేసారి అంటించకండి. మూడేసి పొరలు అంటించి, ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి, పైన చదునైన చెక్క, దానిమీద ఇటుకలో నీళ్ల బకెట్లో బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున బరువు తీసి, గోడకు నిలబెట్టి, పూటకోసారి తిప్పుతూ ఎండబెట్టండి. ఒక పక్కే ఎండ తగిలితే పలక అప్పడంలా వంకర తిరుగుతుంది. రెండు మూడు రోజులకు ఇవి ఆరాక, మూడు మందాలను కలిపి మళ్లీ అంటించి, మళ్లీ బరువు పెట్టి, మళ్లీ ఎండబెట్టండి.

లై ఎక్కువైతే గట్టిగా ఉంటుందనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు. లైలో ఉన్నది చాలావరకు నీళ్లే. రెండు అట్టల మధ్య చిక్కుకున్న నీరు బయటికి రావడానికి వారం పడుతుంది, ఈలోగా లోపల బూజు పడుతుంది. అరచేత్తో పల్చగా, అంచులదాకా రాయండి. నొక్కినప్పుడు పక్కలనుంచి లై కారితే ఎక్కువైనట్టే.

ఎండిందో లేదో చూడటానికి మూడు గుర్తులు. వేలి కణుపుతో కొడితే చెక్క మీద కొట్టినట్టు టక్కుమనాలి. బొద్దుగా మోగితే తడి ఉంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగలకూడదు. ముక్కుకు పుల్లటి వాసన రాకూడదు. మూడూ సరిపోయేదాకా కోత మొదలుపెట్టొద్దు. ఎంత తొందర ఉన్నా సరే.

పలకలను రాత్రిపూట మట్టినేల మీద వదలొద్దు. ఒక్క రాత్రిలో చెదలెక్కుతాయి. ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, చుట్టూ పొయ్యి బూడిద చల్లండి.

కోత, అతుకు

గీతలు గీసి హ్యాక్‌సా బ్లేడుతో కోయండి. వీపు పలకలో నడుము పట్టీ దూరడానికి రెండు చీలికలు ఇప్పుడే కోసి పెట్టాలి: సీటూ వీపూ కలిసే మూలకు ఆనుకుని, రెండు చివర్లా, 5 సెం.మీ. పొడవున. పైన కాగితపు తొడుగు వేశాక కోస్తే కోసిన చోటునుంచి తేమ దిగుతుంది.

అతికేచోట లై రాసి, స్పోకు పుల్లతో బెజ్జం పెట్టి, 8 నుంచి 10 సెం.మీ. పొడవున చెక్కిన వెదురు పుల్లలను లైలో ముంచి మేకుల్లా దిగగొట్టండి. ఇనుప మేకులు వద్దు, అవి అట్టలో వదులై బయటికి పొడుచుకొస్తాయి. కుర్చీని ట్యూబు ముక్కలతో చుట్టూ బిగించి ఒక రోజు ఉంచండి.

అసలు బలం మూలలకు వేసే కాగితపు పట్టీల్లో ఉంది. సిమెంటు కాగితాన్ని ఆరు నుంచి ఎనిమిది పొరలుగా లైతో అంటించి, 10 సెం.మీ. వెడల్పు పట్టీ చేసి, నిలువునా సగానికి మడిచి, ప్రతి మూలకూ లోపలా బయటా అంటించండి. ఇది వడ్రంగి వేసే ఎల్ క్లాంపు చేసే పనే చేస్తుంది. సీటు కింద, ముందు నిలువు పలక కలిసే మూలలో ఈ పట్టీ తప్పకుండా పడాలి. తల్లి పాపను దించేటప్పుడు బరువంతా ముందు అంచు మీదే పడుతుంది, కుర్చీలు ఎక్కువగా విరిగేది అక్కడే.

తొడుగు, వార్నిష్

ఇది పిల్లల పని. అరచేతంత కాగితం ముక్కలు చింపాలి. కత్తెరతో కోయొద్దు: చింపిన అంచు పలచబడి పక్క ముక్కలో కలిసిపోతుంది, కోసిన అంచు లేచి నిలబడి తర్వాత ఊడొస్తుంది. ఒక పొర వార్తాపత్రిక, ఒక పొర గోధుమరంగు సిమెంటు కాగితం, మళ్లీ వార్తాపత్రిక, చివర గోధుమరంగు. రంగు మారుతూ ఉంటే ఏ చోటు వదిలేశారో కళ్లకు కనిపిస్తుంది. సీటు అడుగు, పలకల కింది అంచులు, పట్టీ చీలికల లోపల కూడా అంటించాలి.

వారం రోజులు ఎండ. తర్వాత పెద్దమనిషి ఒకరు కూర్చుని అటూ ఇటూ ఊగి చూడాలి. చప్పుడు వచ్చినా, మూల కదిలినా అక్కడ మళ్లీ కాగితపు పట్టీ వేసి ఎండబెట్టండి. ఈ పరీక్ష అవ్వకుండా పాపను కూర్చోబెట్టొద్దు.

సీసం కలవని వార్నిష్ మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. అడుగుభాగానికి ఇంకో పూత ఎక్కువ వేయండి. పలకల కింది అంచులకు టైరు ముక్కలు అంటించి ట్యూబుతో కడితే నేల తేమ ఎక్కదు. వాసన పూర్తిగా పోయేదాకా కుర్చీ బయటే ఉండాలి.

కూర్చోబెట్టడం

ముందు నడుము, తర్వాత ఒళ్లు, తర్వాత పాదాలు, చివర తల. ఈ వరస మార్చొద్దు. నడుము కుదరకుండా తల సరిచేయాలని చూస్తే ఎన్ని దిండ్లు పెట్టినా నిలవదు.

పాప మోకాళ్లు వంచి, పిరుదులను సీటు మూలలోకి బాగా వెనక్కి నెట్టండి. నడుము పట్టీ 4 నుంచి 5 సెం.మీ. వెడల్పున గట్టి గుడ్డతో కుట్టినది కావాలి. తాడు చర్మాన్ని కోస్తుంది. వెనక మూల చీలికలనుంచి 45 డిగ్రీల ఏటవాలుగా వచ్చి తొడలూ పొట్టా కలిసేచోట పడాలి. పొట్ట మీదికి వస్తే పాప దాని కిందనుంచి జారిపోతుంది, ఊపిరీ కష్టమవుతుంది.

ఛాతీ 19, లోపలి వెడల్పు 24. మిగిలిన ఖాళీకి చంకల కింద రెండు పక్కలా 2 సెం.మీ. మందం గుడ్డదిండ్లు పెట్టండి, చంకను తాకకుండా రెండు వేళ్లు కిందికి. పెరుగుదలకు దారి ఇదే: పాప ఎదిగే కొద్దీ ఈ దిండ్లు పలచన చేస్తూ పోతే చాలు. పాదాల పలకనూ అలాగే పొర తర్వాత పొర తగ్గించుకోవచ్చు.

మోకాళ్లు కత్తెరపడితే వాటి మధ్య గుడ్డ చుట్టిన అట్టదిమ్మ పెట్టండి, మోకాళ్ల దగ్గరగా. తొడల మొదట్లో పెట్టొద్దు. దిమ్మ పని కాళ్లు విడదీయడం మాత్రమే, జారకుండా ఆపేది పట్టీ. వెనక్కి విరుచుకునే పాపకు సీటు ముందు భాగాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తు చేస్తే ఆ విరుపు తగ్గుతుంది.

మొదటి వారం రోజుకు రెండుసార్లు, 15 నిమిషాలే. తీసిన ప్రతిసారీ పిరుదులు, నడుము, మడమలు చూడండి. నల్లటి చర్మం మీద ఎరుపు తెలియకపోవచ్చు. ముదురు రంగు, వేడి, గట్టిదనం వెతకండి. అరగంటకూ ఆ గుర్తు పోకపోతే అక్కడ ఒత్తుకుంటోంది, దిండు సరిచేసేదాకా కూర్చోబెట్టొద్దు. క్రమంగా 45 నిమిషాలకు పెంచండి. పట్టీ కట్టి పాపను ఒంటరిగా వదిలి బోరింగుకు వెళ్లకూడదని తల్లికి, అక్కలకు, అగోగోకు అందరికీ చెప్పాలి. ఫిట్స్ వస్తే ముందు పట్టీ విప్పి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

తినిపించడం

కుర్చీ విలువ తల్లికి తెలిసేది ఇక్కడే, మొదటి రోజే. తల్లి పాప ఎదురుగా, పాప కళ్లకు కాస్త కిందుగా కూర్చోవాలి. గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి. తల వెనక్కి వాలిస్తే గొంతు తెరుచుకుని ముద్ద ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఫాలా అనే మొక్కజొన్న జావలో ఎన్‌సిన్‌జిరో, అంటే వేరుసెనగ పొడి కలిపి, చెంచా వంచితే జారకుండా నిలిచేంత చిక్కగా చేయండి. నీళ్లలాంటి జావ అదుపు తప్పి ముందే గొంతులోకి దూకుతుంది. చెంచా కిందినుంచి పెదవి దాకా తెచ్చి ఆగండి, పాప నోరు మూసేదాకా. దగ్గు, కళ్లలో నీళ్లు, గొంతులో గురగుర వస్తే ఆపేయాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకుండా నిటారుగానే ఉంచండి, కుర్చీలో ఉండే సమయం అయిపోతే తల్లి ఒళ్లో.

తర్వాత రావలసిన రోజులు

వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి, ఆపైన మూడు నెలలకోసారి వెళ్లండి. ప్రతిసారీ పాపను కుర్చీలో చూడక ముందే కుర్చీని చూడండి. దానిమీద బట్టల మూట ఉంటే పాప కూర్చోవడం లేదు. ఎందుకని తల్లిని నిందించకుండా అడిగితే కారణం దాదాపు ఎప్పుడూ చిన్నదే: ఎక్కడో గుచ్చుకుంటోంది, బల్ల తీయడం కష్టంగా ఉంది, మూత్రం వాసన వస్తోంది. వాసనకు మందు ప్లాస్టిక్ తొడుగున్న దిండు రెండు ఉండటం, ఒకటి ఉతికితే ఒకటి వేయడం.

పాపకు ఆరేళ్లు వస్తే బడి సంగతి మాట్లాడండి. మలావీలో 1994 నుంచి ప్రాథమిక విద్యకు ఫీజు లేదు, కానీ కూర్చోలేని పిల్లను ఉపాధ్యాయుడు చేర్చుకోవడానికి జంకుతాడు. ఉపాధ్యాయుణ్ని ఒకరోజు ఇంటికి పిలిచి, పాప కుర్చీలో కూర్చుని బల్ల మీద బొమ్మ పట్టుకోవడం చూపించండి. బడికి రెండో కుర్చీ చేయవలసి వస్తే అది బడి వరండాలో, ఆ తరగతి పిల్లలే చింపిన కాగితాలతో చేయించండి.

వానాకాలం ముందు, అక్టోబరు చివర, కుర్చీ అడుగున వార్నిష్ లేచిందేమో చూసి కొత్త పూత వేయండి. తుంటి వెడల్పు 24 దాటిన రోజు ఆ కుర్చీ పని అయిపోయింది. దాన్ని అలాగే పక్క ఊరి పాపకు ఇచ్చేయాలనిపిస్తుంది. ముందు ఆ పాప ఆరు కొలతలూ తీసి, వీపు పలక వెనక రాసిన అంకెల పక్కన పెట్టి చూడండి. సరిపోతే ఇవ్వండి. సరిపోకపోతే బల్ల, పట్టీ, దిండ్లు తీసుకుని మిగతావి కొత్తగా కోయండి. ఈసారి టేపు పట్టుకునేది మొదటి పాప తల్లి అయితే మంచిది.